ముక్కు చిట్లింపు

మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడ ఓసారి పోలీసాయనతో పోట్లాడి గెలవడం కళ్ళారా చూశాను. చిరిగిన ప్యాంటుని ఉతక్కుండా తెచ్చి బల్ల మీద పడేశాడాయన. "ఉతికి తీసుకురండి. లేదంటే చిరుగుతోనే డ్యూటీకి వెళ్ళండి, గాలాడుతుంది" అంది. మహానుభావుడు ప్యాంటు చంకన పెట్టుకుని పోయాడు. ఆ తర్వాత ఆవిడ బల్లనీ, కత్తెరనీ, చేతులనీ సబ్బుతో తోముతూనే ఉంది. ఆ కత్తెరకి తుప్పు, ఆ వేళ్ళకి పగుళ్ళు ఊరికే రాలేదు. తలుపు తోసినా, కొళాయి తిప్పినా మోచేత్తోనే. పుట్టు జబ్బు కాదది. చిన్నప్పుడు ఏం ముట్టుకున్నా వాళ్ళమ్మ ముక్కు చిట్లించి "ఛీ" అనేదట.

మొన్న ఆవిడ కూతురు, ఇంకా మాటలు సరిగ్గా రాని పిల్ల, నేల మీది గుండీ తీసి తల్లి మొహంలోకి చూసింది. తల్లి నోరు విప్పలేదు గానీ ముక్కు చిట్లించింది. అంతే, పిల్ల గుండీ విసిరేసి, అచ్చం అలాగే ముక్కు చిట్లించి, "ఛీ" అంటూ కడగమని చేతులు చాపింది. నాకు నవ్వాగలేదు. ఆవిడ మాత్రం పిల్లని ఎత్తి తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టింది.

"పెద్దమ్మా, రోజూ దీన్ని మీ పెరట్లోకి తీసుకుపో. మట్టిలో ఆడనియ్యి. నేను వచ్చి ఎంత బాదినా తలుపు తియ్యకు. నా మొహం దాని కంట పడనియ్యకు" అంది.