పొగ వాసన కొట్టిన సీసా

2004 వేసవి. గుంటూరులో ఒక దినపత్రికకు వాణిజ్య విలేకరిగా పనిచేస్తున్నాను. మిర్చి, పత్తి, పొగాకు నా పరిధి. ధరలు రాసే మనిషి దగ్గరికి ఫిర్యాదులు పెద్దగా రావు. అందుకే ఆ మధ్యాహ్నం కోటేశ్వరరావు గారు విస్కీ సీసా పట్టుకుని ఆఫీసు మెట్లెక్కి వచ్చేసరికి డెస్కులో అందరూ తలలెత్తారు.

ఆయన ఒక పొగాకు ఎగుమతి సంస్థలో బయ్యర్. వేలం కేంద్రంలో బేళ్లు, అంటే పొగాకు మూటలు, పేర్చిన వరస వెంట నడుస్తూ, ఆకు పట్టి చూసి, వాసన చూసి ధర చెప్పే మనిషిని బయ్యర్ అంటారు. ప్రకాశం జిల్లా రైతులు ఆయన ముఖంలోకి చూసి తమ ఏడాది ఎలా ఉందో తెలుసుకునేవారు.

సీసా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టారు.

"స్కాచ్ అంట. సింగిల్ మాల్ట్ అంట. కంపెనీకి ఫారిన్ వాళ్లొస్తున్నారని శేషయ్య షాపులో చెప్పి రెండు తెప్పించా. శాంపిల్ చూడకుండా నేనేదీ ముందుకు పంపను. తీసి చూస్తే ఇదీ వరస!"

గుప్పున పొగ వాసన. దాని వెనక ఆసుపత్రిలో గాయాలు కడిగే మందు వాసన.

"కల్తీ అండీ. పక్కా కల్తీ. రెండోది సీలు తియ్యకుండానే వాడి మొహాన కొట్టొచ్చా. మావాళ్లందరికీ చెప్పా, ఆ షాపు గడప తొక్కొద్దని. ఇక మీరు పేపర్లో ఏకిపారెయ్యాలి."

మా వృత్తిలో 'వెర్షన్' అనే మాట ఉంది. ఆరోపణ ఎవరి మీద వచ్చిందో వాళ్ల మాట కూడా తీసుకోవడమన్నమాట. అది లేకుండా కాపీ, అంటే రాసిన వార్త, డెస్కు దాటదు. సాయంత్రం శేషయ్య షాపుకి వెళ్లాను.

కౌంటర్ ముందు ఎవరూ లేరు. నేను ఎవరో చెప్పగానే ఆయన స్టూలు మీంచి లేచాడు.

"నిన్నటి నుంచి ఇట్టాగే ఉందండీ, ఈగలు తోలుకుంటున్నా. నేను చుక్క ముట్టనండీ. దాని వాసన ఎట్టా ఉండాలో నాకేం తెలుసు? డిపో నుంచి వచ్చింది వచ్చినట్టే ఇచ్చా. సీలు తీసింది ఆయనేగా!"

"ఆయన పేపర్లో వెయ్యమంటున్నారు."

"వేస్తే నా పని అయిపోయినట్టేనండీ. ఎక్సైజోళ్లొచ్చి ముందు తాళం వేస్తారు, తర్వాత కదా పరీక్ష! నిజం తేలేసరికి లైసెన్సు పోద్ది."

తిరిగొస్తుంటే ఒక సంగతి బుర్రలో తిరిగింది. కల్తీ చేసేవాడు దొరక్కూడదని చూస్తాడు. చౌక సరుకుని ఖరీదైనదిలా కనిపించేట్టు చేస్తాడు. మూత తియ్యగానే పట్టుబడేంత వాసన ఎందుకు పెడతాడు? కాపీ రాయలేదు. కోటేశ్వరరావు గారికి ఫోన్ చేసి, వార్త కావాలంటే ఆదివారం నాతో చీరాల రమ్మన్నాను.

చీరాలలో నాకు రామ్మోహనరావు గారని ఒక పెద్దాయన తెలుసు. ఓడల్లో ఇంజనీరుగా దేశాలన్నీ తిరిగి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. సీసా మీది చీటీ చూడగానే ఆయన నవ్వారు. వాసన చూసి ఇంకా పెద్దగా నవ్వారు.

"కల్తీ అన్నదెవరు?"

"నేనేనండీ," అన్నారు కోటేశ్వరరావు గారు, తగ్గకుండా. "పొగ చూరిన సరుకు. మీరే చెప్పండి, పొగ ఉందా లేదా?"

"ఉంది. ఉండాలి."

మూడు గ్లాసుల్లో అడుగు తడిసేంత పోశారు. మొదటి గుక్కకి నా నాలుక మండింది. తాటాకులు తగలేసిన పొగ, వాడరేవులో ఎండుచేపల మీదుగా వచ్చే ఉప్పుగాలి, రెండూ కలిసి గొంతులోకి దిగినట్టుంది. తర్వాత ఆయన చెంచాతో కొద్దిగా నీళ్లు కలిపారు. ఘాటు కాస్త వెనక్కి తగ్గింది. కాల్చిన మొక్కజొన్న కంకిలో ఉండే తీపి తెలిసింది. మింగాక కూడా పొగ మాత్రం నోట్లోనే కూర్చుంది.

రామ్మోహనరావు గారు తీరిగ్గా చెప్పారు. ఒకే డిస్టిలరీలో, మాల్ట్‌తో మాత్రమే కాచింది సింగిల్ మాల్ట్. మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. స్కాట్లండ్ దీవుల్లో ఒకప్పుడు వంటచెరుకు కరువు. చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా నాచూ గడ్డీ కుళ్లి గట్టిపడ్డ మట్టిని ఇటుకల్లా కోసి ఎండబెట్టి మంటకు వాడేవారు. దాని పేరు పీట్. ఆ పొగ మీదే బార్లీ ఆరేది. ఇప్పుడు వేరే ఇంధనాలున్నా, కొందరు ఆ వాసన కోసమే పీట్ వాడుతున్నారు.

కోటేశ్వరరావు గారు గ్లాసు కింద పెట్టారు.

"మా బ్యారన్‌లో, అదే పొగాకు కొట్టంలో, మంట బయటుంటది. వేడి ఇనప గొట్టాల్లో లోపలికొచ్చి ఆకుని ఆరబెడద్ది, పొగ చిమ్నీలో పోద్ది. గొట్టానికి చిన్న కన్నం పడిందా, ఆకంతా పొగ చూరుద్ది. అట్టాంటి బేలు నేను చేత్తో కూడా ముట్టను." గ్లాసెత్తి మళ్లీ వాసన చూశారు. "పొగ లోపలికి రాకూడదని మేం చస్తుంటే, వీళ్లు పొగనే అమ్ముకుంటున్నారా!"

తిరుగు ప్రయాణంలో పర్చూరు దాటాక ఆయన అడిగారు: "వార్త ఆపేస్తారుగా?"

"నా వార్త ఆగుతుంది. మీరు మీవాళ్లందరికీ చెప్పిన వార్త ఆగదుగా. పేపర్లో రానిదానికి నేను సవరణ ఎలా వెయ్యను?"

మర్నాడు పొద్దున శేషయ్య ఫోన్ చేస్తే వెళ్లాను. సీసాలు కొనడానికి ఎప్పుడూ డ్రైవర్‌ని పంపే కోటేశ్వరరావు గారు ఇస్త్రీ చొక్కాతో పట్టపగలు వైన్‌షాపు కౌంటర్ ముందు నిలబడి ఉన్నారు. వెంట ఇద్దరు తోటి బయ్యర్లు.

"శేషయ్యా, పొగ కొట్టినా నీ సరుకు అసలైందే. నేనన్నది తప్పు. ఆ రెండోది కూడా ఇవ్వు."

పక్కన క్వార్టర్ కోసం వచ్చిన రైతొకాయన ఊరుకోలేదు. "పొగ కొడతందని నా బేలు తిప్పి పంపారు. దీన్నెట్టా కొంటారండీ?"

"మీ ఆకులో పొగ ఉండకూడదయ్యా. దీన్లో ఉండాలంట. వాసన సరిగ్గానే పట్టా, తీర్పే తప్పు చెప్పా."

శేషయ్య సీసాని కాగితంలో చుడుతూ మెల్లగా అడిగాడు: "మరి బాగుందా అండీ?"

"నాకైతే అస్సలు బాగోలేదు," అన్నారాయన. "కానీ మంచి సరుకు."

ఆ తర్వాత విలేకరిగా ఉన్నన్నాళ్లూ, ఏదో చెడిపోయిందంటూ ఎవరొచ్చినా నేను మొదట అడిగిన ప్రశ్న ఒకటే. చెడిపోయిందా, మీకు అలవాటు లేదా? చాలామందికి కోపం వచ్చేది. కొందరు మాత్రం కుర్చీలో కాస్త వెనక్కి జారబడి ఆలోచించేవారు. ఆ కొద్దిసేపైనా ఎవరో ఒకరి షాపు తాళం పడకుండా ఉండేది.