డీజిల్ టాంకి కింద గంజు

పోయిన నెల ఒక పొద్దున మా పక్కింటి పెద్దమ్మ పోయిందని దవాఖాన నుంచి ఆమె కోడలు ఫోన్ చేసింది. "అత్తమ్మ లేదక్కా..." అంది ఆ పిల్ల. నాకు మొదట గుర్తొచ్చింది పెద్దమ్మ ముఖం కాదు, వాళ్ల డీజిల్ టాంకి కింద, కారే చుక్కలు పట్టడానికి పెట్టిన గంజు గిన్నె. అయ్యో, ఈ పూట అది ఎవరు తీస్తారు అనుకున్నాను. ఇదేం మనిషి అనుకుంటారేమో, వినండి.

నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో మావి ఆనుకుని ఉన్న ఇళ్లు. చుట్టూ అద్దాల మేడలు లేచాక మేమూ పైన గదులు వేసి ఐటీ పిల్లలకు కిరాయికిచ్చాం. కరెంటు పోతే వాళ్ల పని ఆగకూడదు కదా, ఇంటింటికీ ఒక జనరేటరు, దానికో ఇనుప టాంకి. చవకలో దొరికిన నాసిరకం టాంకీలే అందరివీ. మాది భూమిలో పాతించాం. పోయిన వానాకాలం అది తుప్పుపట్టి కారి, బోరు నీళ్లు డీజిల్ కంపు కొట్టాయి. పిల్లలు ఒక్కొక్కరే ఖాళీ చేసి పోయారు.

పట్టా లేని గ్రామకంఠం ఇంటికి లోను రాదు పొమ్మన్నారు బ్యాంకువాళ్లు. సోలారుకైతే సబ్సిడీ ఉందట, పాడైన టాంకి మార్చుకునేవాళ్లకు ఏమీ లేదట. మేం ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. ఒక మధ్యాహ్నం మా ఆయన బోరు పక్కన తల పట్టుకుని కూలబడ్డాడు. నాకు ఏడుపు ఆగలేదు.

పెద్దమ్మ గోడ మీంచి చూసింది. "జర ఊకో బిడ్డా. ఈ నెల చిట్టీ నువ్వెత్తుకో."

వీధి ఆడవాళ్లందరం కట్టే ఆ చిట్టీని ఆమే నడిపేది. ఆ నెల ఎత్తుకుని తన టాంకి మార్చుకోవాలని ఎప్పటి నుంచో అనుకుంటోంది. అదీ కారుతోంది, కాకపోతే స్టాండు మీద ఉంది. "మరి నీదో పెద్దమ్మా?" అన్నాను.

"నా టాంకి కింద గంజు పెడ్త. నీ బోరు కింద ఏం పెడ్తవే?"

పాట రోజున అందరూ వచ్చారు. ఎవరి అవసరం వాళ్లది. పెద్దమ్మ ఒక్కటే మాట అంది: "ఈసారి పాట లేదు. నోరు తెరిచినోళ్లకు నా ఇంట్ల చాయ్ లేదు." ఎవరూ పాడలేదు. పైసా తగ్గకుండా చిట్టీ నా చేతిలో పడింది. పాడైన మట్టి తవ్వించి కొత్త టాంకి పెట్టించాం. నీళ్లు మెల్లగా తేటపడ్డాయి.

తర్వాత ప్రతి నెలా ఎవరికో ఒకరికి ఆమెకంటే ముందు అవసరం వచ్చేది. "గంజు ఉంది కదనే, ఫికర్ ఏంది" అనేది. రోజూ పొద్దున్నే గంజు తీసి, గుడ్డలో వడగట్టి, డీజిల్ మళ్లీ టాంకిలో పోసేది. నిమ్మతొక్కతో ఎంత రుద్దినా చేతుల వాసన పోయేది కాదు. నాకు చాయ్ ఇస్తే కప్పు కొంగుతో పట్టుకుని ఇచ్చేది. "వాసనొస్తదేమో" అని నవ్వేది. నాకు ప్రాణం చివుక్కుమనేది.

ఇప్పుడు ఆ గంజు నేనే తీస్తున్నాను. కారడం ఎక్కువైంది, ఒక పూటకే నిండుతోంది. వానలు దగ్గరపడ్డాయి. కోడలికి దవాఖాన అప్పే నెత్తి మీద ఉంది. ఏం చేయాలో తోచలేదు. పెద్దమ్మ ఉంటే ఆమెనే అడిగేదాన్ని.

నిన్న పెద్దమ్మ ఇంట్లోనే చిట్టీ పాట. ఆమె పీట మీద ఎవరూ కూర్చోలేదు. కూతురి ఫీజుకని ఒకామె, మొగుడి ఆపరేషన్‌కని ఇంకొకామె ఆశగా వచ్చారు. నేను ఆ పీట పక్కన నిలబడ్డాను. అన్నాను: "ఈసారి పాట లేదు. చిట్టీ ఈ ఇంటి టాంకికి."

ఒకామె నోరు తెరవబోయి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంటి వెనక గంజులో చుక్క పడిన చప్పుడు అందరికీ వినిపించింది.