గుండెను పట్టి ఉంచిన మచ్చ

ఇక్కడ అమెరికాలో, బాతెల్ ఊళ్లో ఉండే మా వదిన పోయిన మంగళవారం చనిపోయారు. మూడేళ్ల కిందట వచ్చిన హార్ట్ ఎటాక్ నుంచి ఆమె బయటపడ్డారు. ఆమె ప్రాణం తీసింది ఆ గాయం మానిన తీరు. ఈ తేడా చెప్పకుండా రాస్తే ఆమె ఒప్పుకునేవారు కాదు.

వదిన పని ల్యాబ్‌లో, ఎలుకల గుండెల మీద పరిశోధన. ఆదివారాలు నేను వెళ్తే దొండకాయలు తరుగుతూ చెప్పేవారు. ఎటాక్‌లో చచ్చిన కండ దగ్గరికి తెల్లరక్తకణాలు చేరతాయి. మొదట వచ్చినవి చెత్త ఎత్తేస్తాయి. తర్వాతివి అక్కడ మచ్చ కట్టిస్తాయి. వాటిని అడ్డుకుంటే మచ్చ పలచబడి కొన్ని ఎలుకల గుండెలు చిరిగిపోయాయి. అవి ఆగాల్సిన వేళకు ఆగకపోతే మచ్చ మంచి కండలోకీ పాకుతుంది.

వార్త రాస్తానన్నాను.

"ఏవయ్యా రిపోర్టరూ, 'గుండెజబ్బుకు మందు దొరికింది' అని హెడ్డింగ్ పెడతావేమో! అవి ఎప్పుడు ఆగుతాయో మాకింకా తెలీదు. అంతే రాయి."

అంతే రాశాను. 'తెలీదు' అని వార్తలో రాయడానికి నాకు జంకు పోయింది అప్పుడే.

ఎటాక్ తర్వాత ఆమె హాస్పిటల్ నుంచి రాగానే తెలుగు చర్చివాళ్లు ఇంటికొచ్చారు. పాస్టర్ గారు కళ్లు మూసుకుని, "ప్రభువా, మా సహోదరి గుండె మీద మచ్చ లేకుండా తుడిచేయి తండ్రీ" అని ప్రార్థించారు. అందరూ ఆమెన్ అనబోతుంటే సోఫాలోంచి వదిన గొంతు వినిపించింది.

"ఆగండాగండి. తుడిచేయమనకండి పాస్టర్ గారూ. ఇప్పుడు నన్ను పట్టుకునుంది అదే."

"మరేం అడగమంటావమ్మా?"

"అక్కడితో ఆగమనండి."

గదిలో నవ్వులు. వదిన నవ్వలేదు. పాస్టర్ గారు మళ్లీ మొదలుపెట్టి అలాగే అడిగారు.

అది ఆగలేదు. మొదటి ఏడాది తనే డ్రైవ్ చేసుకుంటూ ల్యాబ్‌కి వెళ్లారు. తర్వాత మెట్లెక్కలేకపోతే ఆమె మంచాన్ని కింది అంతస్తు గదిలోకి మార్చారు. "మీ ల్యాబ్‌లో ఏదైనా మందు..." అని అన్నయ్య అడిగితే, "ఎలుకలకే ఇంకా కుదరలేదండీ, నాకెక్కణ్ణుంచి తేను?" అన్నారు.

చివరి స్కాన్‌కి అన్నయ్యతో నేనూ లోపలికి వెళ్లాను. వదిన స్క్రీన్ తన వైపు తిప్పించుకున్నారు. బూడిదరంగులో గుండె గోడ.

"ఇదంతా మచ్చ. చూడు, కదలదు" అంటూ వేలితో దాని వెంట గీసుకుంటూ పోయారు. కదిలే చోటు ఎక్కడ మొదలవుతుందా అని మేమిద్దరం చూస్తున్నాం. వేలు ఇంకా పోతూనే ఉంది.