చీర కోతకు చెంచాడు తీపి

ధర్మవరంలో రామాంజినమ్మ నవ్వు తెలియని వీధి లేదంటే కొంచెం ఎక్కువ చెప్పినట్టే. అయినా వాళ్ళ వీధికి అటొక వీధి, ఇటొక వీధి మాత్రం ఖాయం. మగ్గాల చప్పుడు మధ్యలో కూడా ఆ నవ్వు విడిగా వినిపిస్తుంది. పెనుకొండలో ఆమెకు పెళ్ళిచూపులు జరిగిననాడు పెళ్ళికొడుకు జయచంద్ర కంగారులో కాఫీ చొక్కా మీద ఒంపుకున్నాడు. తల వంచుకుని కూర్చోవలసిన పిల్ల ఫక్కున నవ్వేసింది. బస్టాండు దగ్గర టీకొట్టు నడిపే వాళ్ళ నాయన, పాపం, సంబంధం తప్పిపోయిందనే అనుకున్నాడు. పెళ్ళికొడుకు తండ్రి సుంకప్ప మాత్రం మీసాల చాటున తానూ నవ్వుకుని, "నవ్వే పిల్లే కావల్ల మా ఇంటికి. మగ్గం గుంతలో కూచున్నోనికి వీధి కనపడదు, ఇంట్లో నవ్వన్నా ఇనపడనీ" అన్నాడు. ఆ మాటతో ఆమె ధర్మవరం కోడలైపోయింది.

వచ్చిన కొత్తల్లోనే రాట్నం మీద పట్టుదారం కండెలు చుట్టడం నేర్చుకుంది. చేతులు కండెల మీద ఉంటాయి గానీ మనసు ఒకచోట నిలవదు. ఎక్కడైనా కొత్త వస్తువు, కొత్త వంట కంటపడితే ఇక ఆమెను ఆపడం ఎవరి తరమూ కాదు. ఫోనులో చూసి ఇడ్లీ పాత్రలో కేకు చేసింది. అది ఇప్పటికీ పెరటి తలుపు కింద అడ్డంగా పెట్టుకోవడానికి పనికొచ్చేదే అని జయచంద్ర ఎత్తిపొడుస్తుంటాడు. ఆమె ప్రయోగాలన్నీ కిక్కురుమనకుండా తినే మనిషి ఆ ఇంట్లో ఒక్కడే, మామ సుంకప్ప. తిని, నీళ్ళు తాగి, "ఇంగొకతూరి చేస్తే కుదురుతుందిలేమ్మా" అనేవాడు. అలాంటి మామ కోసం కోడలు ఏమైనా చేస్తుంది మరి.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. చీర నేయడం పూర్తయ్యాక మగ్గం మీంచి కోసేముందు, నేసినవాడు నోట్లో తీపి వేసుకోవాలి. చప్పటి నోటితో పట్టు మీద కత్తి పెట్టకూడదని సుంకప్ప నాయన పెట్టిన నియమం. వేసుకోవలసింది చిటికెడు బెల్లమే. కానీ సుంకప్ప కాలానికి ఆ చిటికెడు నిమ్మకాయంత అయ్యింది. బెల్లం బుగ్గన పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, చర్రున చీర కోస్తుంటే చూడ్డానికి ముచ్చటగా ఉండేది. ఆ ఒక్క నిమిషం కోసమే ఈయన చీర నేస్తాడేమోనని రామాంజినమ్మకు చాలాసార్లు అనుమానం వచ్చింది.

ఇంతలో ఆయనకు షుగరు వచ్చింది. చక్కెర లేదు, బెల్లం లేదు అన్నాడు డాక్టరు. సుంకప్ప గొడవ చేస్తాడని, దొంగతనంగా తింటాడని ఇంట్లో అందరూ కాచుకుని ఉన్నారు. ఆయన మాత్రం బెల్లం డబ్బా తానే తీసుకెళ్ళి పక్కింటివాళ్ళకిచ్చేసి వచ్చాడు. చూసి రామాంజినమ్మకు గుండె జారింది. అలిగితే బతిమాలవచ్చు, అరిస్తే ఎదురు అరవవచ్చు, చేతులెత్తేసిన మనిషిని ఏం చేయగలరు?

మగ్గం మీద ఉన్న చీర హిందూపురం పెళ్ళివారిది. సోమవారానికి నేత అయిపోయింది. శుక్రవారం వాళ్ళు వచ్చి పట్టుకుపోవాలి. చీర అలాగే మగ్గానికి అతుక్కుని ఉంది.

"కొయ్యి నాయనా" అన్నాడు జయచంద్ర.

"నువ్వే కొయ్యిరా. నా నోరు సప్పగుండాది."

"నేసినోడే కొయ్యల్ల అని నువ్వే కదా చెప్పింది."

సుంకప్ప మగ్గం పలక మీద చెయ్యి ఆనించాడు. "ఈ పడుగు దారం కూడా ఈ చీరతో అయిపోయె. కొత్త పడుగు అతికించొద్దండి. నేను ఇంగ మగ్గం దిగుతా" అన్నాడు, వాన పడేలా ఉందన్నంత మామూలుగా.

రామాంజినమ్మ చేతిలో కండె ఆగిపోయింది. మగ్గం దిగిన పెద్దమనుషులను ఆమె ఆ వీధిలోనే చూసింది. అరుగు మీద కూర్చుంటారు, దారిన పోయేవాళ్ళను టైమెంత అని అడుగుతుంటారు, ఏడాది తిరిగేసరికి చొక్కాలు వదులైపోతాయి. తన మామను అలా అరుగు మీద చూడడం ఆమెకు ససేమిరా ఇష్టం లేదు. ఆ పూట ఆమె నవ్వలేదు. వీధిలోవాళ్ళు ఒంట్లో బాగాలేదా అని అడిగి వెళ్ళారు.

మంగళవారం పొద్దున లేచేసరికి మళ్ళీ హుషారు వచ్చేసింది. అటక మీద ఒక వస్తువుందని గుర్తొచ్చింది. చెల్లెలు స్వాతి హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. కంపెనీ ఆటల పోటీల్లో ఆమెకు స్లో కుక్కర్ బహుమతిగా వచ్చింది. కరెంటుతో నడిచే మట్టిరంగు పాత్ర, గాజు మూత. సన్నటి వేడి మీద గంటల తరబడి ఉడుకుతుంది. అంత ఓపిక నాకు లేదక్కా అని స్వాతి దాన్ని ధర్మవరం తెచ్చిపడేసింది. రామాంజినమ్మ ఒకసారి అందులో పప్పు వేస్తే, పొద్దున వేసింది దీపాలు పెట్టేవేళకు ఉడికింది. అప్పటినుంచి సుంకప్ప దానికి సోమరి కుక్కరని పేరు పెట్టాడు.

ఆ సోమరిదే ఇప్పుడు అక్కరకొచ్చింది. పండ్ల గుజ్జును అందులో పొద్దంతా మగ్గబెడితే చక్కెర వేయకుండానే చిక్కగా, తియ్యగా అవుతుందని ఫోనులో ఒకావిడ చూపించింది. దాన్ని ఫ్రూట్ బటర్ అంటారట. ఆ పేరు విని జయచంద్ర వెన్న పొట్లం కొనుక్కొచ్చాడు. ఇందులో వెన్నే లేదని తెలిసి, "మరి ఆ పేరేమిటికి పెట్టినారు?" అని ఆ వెన్న అంతా తానే రొట్టెకు రాసుకుని తినేశాడు. రామాంజినమ్మ తొందరపడలేదు, ఆసుపత్రికి పోయి డాక్టరును అడిగింది. చెంచాడైతే ఫరవాలేదు, గిన్నెడు మాత్రం వద్దన్నాడాయన.

పెనుకొండ నుంచి అన్న పంపిన నేరేడుపండ్లు ఇంట్లో ఉన్నాయి. షుగరుకు మంచివని అందరూ అంటారు కదా అని వాటితోనే మొదలుపెట్టింది. గింజలు తీసేసరికి మోచేతుల దాకా ఊదా రంగు. లోపల ప్లగ్గు పనిచేయకపోతే కుక్కరును వసారాలో పెట్టి, కండెలు చుట్టుకోవడానికి పోయింది.

అప్పుడు వచ్చాడు గంగాధర. పట్టుకు రంగులద్దే మనిషి. ఊదా రంగు నమూనా ఒకటి అద్ది చూపించమని జయచంద్రే ఆయనకు కబురు పెట్టాడు. వసారాలో వెచ్చగా పొగలు కక్కుతూ చిక్కటి ఊదా నీళ్ళ గిన్నె కనిపించింది. ముప్పై ఏళ్ళుగా రంగు గిన్నెల మధ్య బతికినవాడికి అది ఇంకేం అనిపిస్తుంది? తనకోసమే కలిపి పెట్టారనుకుని, సంచిలోని తెల్లపట్టుదారాల చిలప తీసి గిన్నెలో ముంచి, పుల్లతో నేర్పుగా తిప్పసాగాడు.

"అక్కా, ఈ రంగు యాడ కొన్నారు? వాసన కూడా బాగుండాదే" అన్నాడు లోపలికి వినిపించేలా.

రామాంజినమ్మ బయటికొచ్చి చూసింది. గిన్నెలోంచి పట్టుదారాలు చెరువులో నాచులాగా వేలాడుతున్నాయి. ఆమె గోడ పట్టుకుని జారి, కింద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వింది. "అది తినేదప్పా... మా మామకు" అనడానికి చాలాసేపు పట్టింది. గంగాధర పుల్ల పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ గోలకు సుంకప్ప మగ్గం గదిలోంచి వచ్చాడు. చిలపను వెలుతురుకు పట్టి చూసి, "రంగైతే బలే ఉండాది. ఇంగ తిండి యట్లుంటాదో" అని వేలితో కాస్త నాకాడు. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. మొహం చిట్లించి, "ఇంగొకతూరి చేస్తే కుదురుతుందిలేమ్మా" అన్నాడు. వారం రోజులుగా వినని మాట. రామాంజినమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఉతికేసరికి ఆ చిలప బూడిదరంగుకు తిరిగింది. ఈ పాపం నాది కాదని గంగాధర అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకుంటూ పోయాడు.

బుధవారం మామిడిపండ్లు, సపోటాలు తెచ్చింది. రెండూ పుట్టుకతోనే తియ్యనివి, వగరు గొడవ లేదు. ఈసారి సమస్య వీధి నుంచి వచ్చింది. గంగాధర కథ అప్పటికే అందరికీ తెలిసిపోయింది కాబట్టి ప్రతివాళ్ళూ చూడ్డానికి వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు మూత ఎత్తడం, వాసన చూడ్డం, "ఇంగా కాలేదే" అని పెదవి విరిచి మళ్ళీ మూయడం. ఎత్తిన ప్రతిసారీ వేడి దిగిపోయేది. మూస్తే ఆవిరి మూతకు పట్టి గిన్నెలోకే కారేది. సాయంత్రానికి పండ్లు మెత్తబడ్డాయి గానీ పలచటి రసంగానే ఉండిపోయాయి. జయచంద్ర దాన్ని గ్లాసులో పోసుకుని తాగి, బాగుందన్నాడు. ఆమె చూసిన చూపుకు గ్లాసు కడిగి బోర్లించి మరీ వెళ్ళాడు.

గురువారం ఒక్కటే మిగిలింది. రామాంజినమ్మ తెల్లారగానే మామిడి, సపోటా గుజ్జు తీసి జల్లెడ పట్టి, రెండు ఏలక్కాయలు దంచి వేసింది. వంటింటి ప్లగ్గును రాత్రే జయచంద్ర చేత బాగుచేయించింది కాబట్టి కుక్కరును అక్కడికి మార్చి, లోపలినుంచి తలుపు గొళ్ళెం పెట్టి, తాను తలుపుకు అడ్డంగా రాట్నం వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళను గడప దగ్గరే ఆపింది. పొద్దెక్కాక స్వాతికి ఫోను చేసింది.

"అక్కా, మూత మొత్తం మూసినావా? సగం ఉడికినాక కొంచెం తెరిచి పెట్టల్లంట. తడి పోవద్దా?" అంది స్వాతి. ఫోనులో ఆవిడ మాటలు చివరిదాకా విన్నది ఆ అక్కచెల్లెళ్ళలో చెల్లెలే.

రామాంజినమ్మ ఖాళీ కండె ఒకటి తెచ్చి మూత అంచు కింద ఇరికించింది. సన్నగా ఆవిరి పోవడం మొదలైంది. ఇక ఇల్లంతా వాసన. పసుపుపచ్చ గుజ్జు మెల్లగా తేనెరంగుకు, తేనెరంగు నుంచి గోధుమరంగుకు తిరిగింది. పొద్దువాలేసరికి చెక్క గరిటెతో గీస్తే గీత గీతగానే నిలబడింది. పళ్ళెంలో ఒక చుక్క వేసి చూసింది. చుక్క చుట్టూ నీరు ఊరలేదు. ఆగలేక వేడివేడిగా నోట్లో వేసుకుంది. నాలుక చుర్రుమంది, ఆ వెనకే తీపి తగిలింది. చక్కెర తీపిలాగా పైపైన కాదు, లోపలికి దిగే తీపి. ఆ వంటింట్లోనే గరిటె పట్టుకుని గిరగిరా తిరిగింది. అవతలినుంచి జయచంద్ర ఏమైందని కంగారుగా తలుపు బాదుతున్నాడు.

శుక్రవారం పొద్దున సుంకప్ప స్నానం చేసి వచ్చి, మగ్గం ముందు ఊరికే కూర్చున్నాడు. పెళ్ళివారు హిందూపురంలో రైలెక్కామని ఫోను చేశారు. కొడుకు కత్తి తెచ్చి పక్కన పెట్టాడు. వీధిలోవాళ్ళు కిటికీ దగ్గర మూగారు. మూత ఎత్తినవాళ్ళందరూ ఉన్నారు. గంగాధర కూడా వచ్చాడు గానీ చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

రామాంజినమ్మ మూత పెట్టిన గిన్నె, చెంచా పట్టుకుని వచ్చింది. నాలుగడుగుల నడక ఆ రోజు చాలా దూరమనిపించింది. ఈయనకు నచ్చకపోతే తన దగ్గర ఇంకో ఉపాయం లేదు.

"దీంట్లో చక్కెర ఉండాదా?" అన్నాడు సుంకప్ప.

"లేదు మామా."

"బెల్లం?"

"అదీ లేదు."

"మరి తీపి యాడనుంచి వచ్చె?"

"పండులోనే ఉండె మామా. కాసుకోని కూచుంటే అదే బయటికొచ్చె."

ఆయన చెంచా అందుకుని నోట్లో పెట్టుకున్నాడు. అలవాటు ప్రకారం బుగ్గన పెట్టబోయాడు, అది కరుగుతూ నాలుక మీదికి జారింది. కళ్ళు సగం మూతపడ్డాయి.  కళ్ళు మూసుకునే చెయ్యి చాపితే జయచంద్ర కత్తి అందించాడు. చర్రుమని చీర తెగింది. రామాంజినమ్మ కళ్ళ నిండా నీళ్ళు. వాటిని తుడుచుకుందామంటే ఒక చేతిలో గిన్నె, ఇంకో చేతిలో మూత.

సుంకప్ప చీరను మడతపెట్టి కొడుకు చేతిలో పెట్టాడు. ఖాళీ చెంచాను ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. మెల్లగా గిన్నె వైపు చాచాడు.

"ఊహూ" అంది రామాంజినమ్మ, గిన్నె వెనక్కి తీసుకుని. "డాక్టరు చెప్పినాడు. చీరకొక చెంచానే."

సుంకప్ప గిన్నె వైపు చూశాడు. ఖాళీ అయిన మగ్గం వైపు చూశాడు. కాసేపు లెక్క వేసుకుంటున్నట్టు మీసం సవరించుకున్నాడు.

"అయితే పడుగు అతికేవాళ్ళను ఈ పొద్దే రమ్మను" అన్నాడు.

జయచంద్ర చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాడు.