అక్క మూసిన నీళ్ళు: హొన్నావర వక్కతోటల దాకా మా ప్రయాణం

మా అక్క నాగవేణిది ఎమ్మిగనూరు. ఇంట్లో మగ్గం ఉంది. ఒక్కతే కూతురు మంజుల, తోటల పెంపకంలో డిప్లొమా చదివింది. దసరా ముందర ఆ పిల్లకు కర్ణాటక తీరంలో, హొన్నావర దగ్గర ఒక వక్కతోటలో పని దొరికింది. మిరియాల తీగలు, జాజికాయ మొక్కలు పెంచి అమ్మే నర్సరీ అది. తోటలోనే గది, తోటవాళ్ళ ఇంట్లోనే భోజనం. అక్క ససేమిరా అన్నది. "తెలిసిన మనిసి ఒక్కరు లేని సోట ఆడపిల్ల జరమొచ్చి పండుకుంటే ఎవురికి తెలుస్తాది?" అని ఒకటే మాట. సోమవారం పనిలో చేరాలి. "పోయి కండ్లతో సూద్దాం అక్కా. నీకు ఒప్పకపోతే పిల్లను ఎంటబెట్టుకోని వచ్చేద్దాం" అని ఆదోని నుంచి ఫోన్ చేసి నేను ఒప్పించాను. పోతూ పోతూ ఆ ప్రాంతమంతా చూసి రావాలని నాకూ ఆశ ఉంది. మీరూ అటు వెళ్ళాలనుకుంటే ఈ వివరాలు పనికి వస్తాయని రాస్తున్నాను.

గురువారం తెల్లవారి దేవుడికి దీపం పెట్టి బయలుదేరాం. ఆదోని నుంచి ఆలూరు మీదుగా బళ్ళారికి బస్సులో రెండు గంటల పైన పడుతుంది. బళ్ళారిలో హుబ్బళ్ళి రైలు ఎక్కాం. పెరుగన్నం, చింతకాయ తొక్కు, జొన్నరొట్టెలు ఇంటి నుంచే తీసుకున్నాం కాబట్టి దారిలో తిండికి ఇబ్బంది లేదు. ఆ రాత్రి హుబ్బళ్ళిలో ఒక సత్రంలో ఉండి, మరునాడు పొద్దున్నే కుమటా బస్సు పట్టుకున్నాం. యల్లాపుర దాటి ఘాట్ రోడ్డు దిగుతుంటే కిటికీలోంచి వచ్చే గాలి మారిపోయింది. తడి ఆకుల వాసన. అక్క పమిట కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఈడ బట్ట ఆరుతాదా? నూలు బూజు పట్టిపోతాది" అన్నది. మగ్గం మనిషి కదా, ముందు ఆమెకు అదే గుర్తొచ్చింది.

కుమటాలో రెండు రోజులకు కారు మాట్లాడుకున్నాం. రోజుకు మూడు వేల లోపే. డ్రైవరు గణపతి నవ్వుమొహం మనిషి. మా పుట్టిల్లు హొళగుంద కాబట్టి అక్కకూ నాకూ కన్నడం వచ్చు. కానీ నేను రెండు మాటలు మాట్లాడగానే అతను, "అమ్మా, మీరు బళ్ళారి వైపువాళ్ళు కదా? మామూలుగా మాట్లాడినా కొట్లాడినట్టు ఉంది" అన్నాడు. అక్క వెంటనే, "మీరు కొట్లాడినా జోలపాట పాడినట్టుంటాది లేప్పా" అని అంటించింది. ఆ తరువాత రెండు రోజులూ వాళ్ళిద్దరి మధ్య ఇదే వరస.

మొదట మిర్జాన్ కోట చూశాం. కుమటా నుంచి అరగంట కూడా పట్టదు. తుప్పు రంగు రాయితో కట్టిన గోడలు, వాటి మీద పచ్చటి నాచు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పండిన మిరియాలు ఇక్కడి నుంచే ఓడలకు ఎక్కేవని, ఒక రాణి ఈ వ్యాపారమంతా చూసుకునేదని గణపతి చెప్పాడు. మన ఆదోని కొండమీది కోట గోడలు మధ్యాహ్నం ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఇక్కడ నడి మధ్యాహ్నం కూడా రాయి చల్లగా, తడిగా ఉంది. మెట్లు జారుతాయి, మోకాళ్ళ నొప్పులున్నవారు చేతికర్ర తీసుకెళ్ళండి. అక్క కింద అరుగు మీదే కూర్చుని వక్కాకు నమిలింది. ఆ రాత్రి హొన్నావరలో ఉన్నాం.

శనివారం పొద్దున్నే ఇడగుంజి గణపతి దర్శనం. హొన్నావర నుంచి అరగంట దారి. పెందలాడే పోతే రద్దీ ఉండదు. పిల్లకు ఈ పని రావాలనీ నేను మొక్కలేదు, వద్దనీ మొక్కలేదు. మా అక్క మనసుకు ఏది మంచిదో అది తెలియనివ్వు స్వామీ అని మాత్రం దండం పెట్టుకున్నాను.

అక్కడి నుంచి శరావతి నది సముద్రంలో కలిసే చోటికి వచ్చి మడ అడవుల్లో పడవ ఎక్కాం. పడవ మొత్తానికి మాట్లాడుకోవాలి, వెయ్యి లోపు అడుగుతారు. ఇంకో కుటుంబంతో కలిస్తే సగమే పడుతుంది. పైకి లేచిన వేళ్ళ మధ్య ఎండ్రకాయలు, నీళ్ళ మీద వంగిన కొమ్మల్లో లకుముకిపిట్టలు. మా నెత్తి మీదుగా తెల్లటి మెడ గరుడపక్షి తిరుగుతుంటే అక్కా నేనూ ఒకేసారి చేతులు జోడించాం. "మన దిక్కు గరుడుడు కనపడితే పండగ. ఈడ సూడు, కాకుల మాదిరి తిరుగుతాండాయి" అన్నది అక్క. మంజుల మాత్రం పక్షిని చూడలేదు, వాళ్ళ అమ్మ మొహాన్నే చూస్తూ కూర్చుంది.

తోట గేరుసొప్ప దారిలో ఉంది. మధ్యాహ్నం భోజనం వేళకు చేరాం. యజమాని నారాయణ, ఆయన భార్య శారదమ్మ గుమ్మంలోనే బెల్లం ముక్క, నీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టారు. అరిటాకులో అన్నం, తంబళి అని పెరుగు, ఆకులతో చేసిన చల్లటి పులుసు, పనసకాయ అప్పడాలు. మడితో వండిన వంట కాబట్టి నేను మారు అడిగి వడ్డించుకున్నాను. మేము ముందు ఫోన్ చేసి చెప్పినందువల్ల వండారు. మీరు ఎవరి తోట చూడాలన్నా ముందు రోజే చెప్పండి.

భోజనం అయ్యాక శారదమ్మ మంజులనూ నన్నూ తోటకు తీసుకెళ్ళింది. నిటారుగా లేచిన వక్కచెట్లు, ఒక్కొక్క చెట్టునూ కౌగిలించుకున్న మిరియాల తీగ, కింద ఏలకుల పొదలు. పైన ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు ఎర్రటి పెద్ద ఉడుత దూకింది, తోకే మూరెడు ఉంది. అక్క మోకాలు నొప్పి అని ఇంటి వెనక కూర్చుండిపోయింది.

ఆ ఇంటి వెనక కొండ. కొండమీది ఊట నీళ్ళు గొట్టంలో దిగి రాతి తొట్టిలో ఎప్పుడూ పడుతూ ఉంటాయి. దాన్ని వాళ్ళు అబ్బి నీరు అంటారు. మోటారు లేదు, కొళాయి లేదు, ఆపడమన్నదే లేదు. మేము తోటలోంచి వచ్చేసరికి ఆ చప్పుడు వినిపించలేదు. శారదమ్మ నడక ఆపేసింది.

"నీళ్ళేమయ్యాయి?"

అక్క తొట్టి పక్కనే నిలబడి ఉంది. గొట్టం మూతికి కొబ్బరి పీచు కుక్కి, పైన పాత గుడ్డ బిగించి కట్టి ఉంది. "నేనే మూసినా. తొట్టి నిండి పొర్లిపోతాంటే పాణం ఒప్పలేదు తల్లీ. మాకు దినం మార్చి దినం కొళాయి వస్తాది. ఇన్ని నీళ్ళు ఊరికే పోతాంటే సూస్తా ఎట్ల కూసునేది?"

నాకు సిగ్గు వేసింది. శారదమ్మ గుడ్డ లాగేసింది, కానీ నాలుగు చుక్కలు తప్ప రాలేదు. మూసిన ఒత్తిడికి పైన ఎక్కడో గొట్టం అతుకు ఊడిపోయింది. నారాయణ పైకి పోబోతుంటే మంజుల చెప్పులు వదిలి ఆయన వెంట ఎక్కింది. "మేయ్ పిల్లా, పాములుంటాయి! నువ్వేంటికి?" అని అక్క కేక వేసింది. "నువ్వు మూసినావు గదమ్మా, తెరిసేది ఎవురు?" అని పైనుంచే జవాబు.

ఇంతలో దిగువ వైపు నుంచి ఒక నడివయసు ఆమె చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చింది. చేతిలో తడి గరిటె అలాగే ఉంది. వెనకాలే పంచె మోకాళ్ళ పైకి కట్టుకున్న ముసలాయన.

"శారదా, ఏమైంది? అందరూ బాగున్నారా?"

వాళ్ళది దిగువ ఇల్లు. ఈ తొట్టిలో పొర్లిన నీళ్ళే కాలువలో పోయి వాళ్ళ తొట్టిలో పడతాయట. నీళ్ళు ఆగితే పై ఇంట్లో ఎవరికో ఏదో అయిందని వాళ్ళ లెక్క. ఒకసారి నారాయణ గొట్టం సరిచేయబోయి జారి కాలు విరిగినప్పుడు కూడా ఇలాగే వచ్చి మోసుకొచ్చారట. శారదమ్మ మా అక్కను చూపించి జరిగింది చెప్పగానే దిగువ ఇంటామె పొట్ట పట్టుకుని నవ్వింది. "బయలుసీమ, మెట్టనేల వాళ్ళా? అయితే తప్పులేదు. మా ఆయన మీ బళ్ళారికి పోయి బకెట్ నీళ్ళతో స్నానం చేయలేక తిరిగొచ్చాడు."

అక్క నవ్వలేదు. "ఎంతసేపటికి వచ్చినావు తల్లీ?" అని అడిగింది.

"పొయ్యి మీద పులుసు ఉంది. దించి వచ్చాను, అంతే."

గొట్టంలో మళ్ళీ నీళ్ళు గలగలమన్నాయి. మంజుల మోకాళ్ళ దాకా బురదతో దిగి వచ్చింది. పిక్క మీద రెండు జలగలు. అక్క తన వక్కాకు సంచిలోంచి సున్నం తీసి వాటి మీద రాసింది. అవి రాలిపోయాయి. రక్తం తుడుస్తూ, "సోమవారం ఎన్ని గంటలకు పనిలోకి పోవాల?" అన్నది. నారాయణే చెప్పాడు, ఎనిమిదికని. ఆ రాత్రి అక్కడే ఉండి, ఆదివారం బయలుదేరే ముందు అక్క ఫోన్ నంబర్లు రాయించుకుంది. యజమానులది అడగలేదు, వాళ్ళది ముందే ఉంది. దిగువ ఇంటామెది అడిగింది.

తిరుగు ప్రయాణంలో అక్కకు పిల్ల కోసం బెంగ ఉంది, అది ఒక్క పూటలో పోయేది కాదు. కానీ భయం వేరు, బెంగ వేరు. పోయేటప్పుడు అక్కలో ఉన్నది భయం. కోటలూ పక్షులూ చూసి నేను సంతోషపడ్డాను, మీరూ తప్పక చూడండి. అయితే ఒక కొత్త చోట మనవాళ్ళు బతకగలరా లేదా అన్నది చూసే చోట్లలో తెలియదు. అక్కడివాళ్ళ రోజువారీ పనికి మన చెయ్యి అడ్డం పడినప్పుడు, వాళ్ళు ఏమని అడుగుతూ వస్తారో అప్పుడు తెలుస్తుంది. ఇడగుంజి గణపతిని తలచుకుని నేను అడిగింది అదే కదా.

చివరగా ఒక సలహా. పిల్లల్ని ఎక్కడైనా దింపి రావడానికో, చూసి నిర్ణయించుకోవడానికో వెళ్తుంటే, తిరుగు టికెట్లు అందరికీ కలిపి ఒకటిగా తీసుకోకండి, విడివిడిగా తీసుకోండి. మేము ముగ్గురికీ కలిపి తీసుకున్నాం. హుబ్బళ్ళి స్టేషన్‌లో ఒక్క మనిషిది తీసేయించడానికి వరుసలో చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. కిటికీ వెనక ఉన్నాయన "ఎవరిది రద్దు?" అంటే, అక్క నాకంటే ముందుగా, గట్టిగా చెప్పింది. "మా పాపది. ఆ పాపకు ఆడ పని ఉంది."