పావుగంట నిండని లెక్క

భావనపాడు దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో కరెంటు పనులు చూసేవాణ్ణి. తీరిక దొరికితే సభల్లో మూఢనమ్మకాల మీద విరుచుకుపడేవాణ్ణి. ఎవరు ఏం చెప్పినా రుజువు చూపమని నిలదీసేవాణ్ణి. అది నాకు గర్వంగా కూడా ఉండేది.

ఐసు గడ్డకట్టించే కంప్రెసర్ మిషను ప్యానెల్లో విద్యుత్తును కొలిచే మాడ్యూల్ బిగించింది నేనే. అరచేతిలో పట్టే పెట్టె. సెకనుకు వేలసార్లు వోల్టేజీని, కరెంటును చూసి, రెంటినీ గుణించి, గడిచిన కాలంతో కూడుకుంటూ యూనిట్లు కడుతుంది. దానికి కులం లేదు, మొహమాటం లేదు. ఇలాంటి సాక్షి ఊరికొకటి ఉంటే చాలుననుకున్నాను.

మిషను నడిపే ఆపరేటరు ఆ ఊరి పడవల కుటుంబంవాడు. వోల్టేజీ పడిపోతే మోటారు కాలిపోతుందని ప్యానెల్ మెయిన్ స్విచ్ దించేవాడు. కుదుటపడగానే ఎత్తేవాడు. ఆ జాగ్రత్త అతనికి ఎవరూ నేర్పలేదు.

ఒకరోజు పొద్దుట్నుంచీ వోల్టేజీ నిలకడగా లేదు. సాయంత్రానికి ఐసు దిమ్మలు పైన గట్టి, లోపల నీళ్లు. ఒడ్డుకొచ్చిన చేప మెత్తబడిపోతోంది. పడవలవాళ్లు గేటు ముందు తిట్లు లంకించుకున్నారు. యజమాని నన్ను పిలిచాడు. నేను మాడ్యూల్ చూశాను. పొద్దున ఎంత ఉందో అంతే ఉంది.

"మిషను నడపలేదు," అన్నాను.

"ఏటి బాబూ ఆ మాట! కట్టుకుంటా, ఏసుకుంటా సాయంత్రందాకా నడిపేను. పైపు మీద సెయ్యెట్టి సూడండి, మంచు ఉన్నాదో లేదో!"

"చెయ్యి కాదు, అంకె చూపించు."

గేటు దగ్గర ఉన్న అతని బావ అరిచాడు: "ఒరే బావా, మిషను కాడ తొంగున్నావేటిరా? మా సేపకి జోలపాట పాడేవా?"

అందరూ నవ్వారు. ఆ రోజే అతని పని పోయింది. పైపు నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. నేను చెయ్యి పెట్టలేదు.

కొన్ని వారాల తర్వాత మళ్లీ అలాంటి రోజే వచ్చింది. కొత్త ఆపరేటరు కూడా పదేసి నిమిషాలకు స్విచ్ దించి ఎత్తుతున్నాడు. నేను పక్కనే నిలబడ్డాను. మోటారు నడుస్తోంది, అంకె కదులుతోంది. స్విచ్ దించి ఎత్తేసరికి మళ్లీ పాత అంకె.

అప్పుడు తెరిచాను మాడ్యూల్‌తో వచ్చిన పుస్తకం. కూడిన లెక్క ముందు తాత్కాలిక జ్ఞాపకంలో ఉంటుంది. శాశ్వత జ్ఞాపకంలోకి రాసుకునేది పావుగంటకోసారి. మాటిమాటికీ రాస్తే అది అరిగిపోతుందట. ఈలోగా మాడ్యూల్‌కు కరెంటు పోతే, రాయని లెక్క పోయినట్టే. దానికి కరెంటు మెయిన్ స్విచ్ పైనుంచి, అంటే స్విచ్ దించినా ఆగని తీగనుంచి, ఇవ్వాలని కూడా అందులో ఉంది. తీగ కలిసొస్తుందని నేను కిందనుంచి ఇచ్చాను. మోటారును కాపాడుకోవడానికి ఆ పాత ఆపరేటరు స్విచ్ దించిన ప్రతిసారీ, అతను పనిచేశాడన్న రుజువు చెరిగిపోయింది.

మర్నాడే అతని దగ్గరికి వెళ్లాను. ఇసుకలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. బావ పక్కనే ఉన్నాడు. మాడ్యూల్‌కు తీగ తప్పుగా కలిపింది నేనేనని ఇద్దరికీ వినిపించేలా చెప్పాను. యజమానికి కూడా చెబుతానని, మళ్లీ పనిలోకి రమ్మని అన్నాను.

బావ తల దించుకుని, "ఊరంతా నవ్వినాక సెప్పేరు," అన్నాడు.

అతను వల వదల్లేదు. "నాను రాను బాబూ. ఇప్పుడు పనిలో ఉన్నోడికి నాకొచ్చిన మాట రాకూడదు. ఆ తీగ మార్చేరా?"

మార్చలేదు. నిజం తెలియగానే నా మనసు తేలికపరుచుకోవడానికి ఇక్కడికి పరిగెత్తాను. పాపం పోవాలని కొండలెక్కేవాళ్లను వేదికలెక్కి ఎన్నిసార్లు ఎద్దేవా చేశానో!

"లేదు," అన్నాను.

"మరి ఎల్లండి. ఈయేళ కూడా కరెంటు ఊగుతన్నాది."