పెద్ద గ్లాసు మజ్జిగ

కామసముద్రం దగ్గర ఒక పల్లెలో, ప్రభుత్వ పాఠశాలలో నేను లెక్కల టీచరుని. పుట్టి పెరిగింది కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, గని కార్మికుల కోసం కట్టిన లైన్ ఇళ్లలో. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి గని పనికి వచ్చినవాడు. గని మూతపడినా మేము ఆ ఇల్లు వదల్లేదు. రోజూ పొద్దున అక్కడి నుంచే బస్సెక్కి బడికి వెళ్తాను. మా బళ్లో పుస్తకం కన్నడంలో ఉంటుంది. పాఠం సగం కన్నడంలో, సగం తెలుగులో నడుస్తుంది. కోప్పడడం మాత్రం పూర్తిగా తెలుగులోనే.

ఏడో తరగతికి ఒక్కదాని ధర కనుక్కోవడం, అనుపాతం ఉంటాయి. చాలా ఏళ్లుగా చెబుతున్న పాఠం కాబట్టి నిద్రలో లేపినా చెప్పగలను. నిజానికి చాలాసార్లు అట్లాగే చెప్పి ఉంటాను. ఆ ఏడాది మాత్రం తరగతిలో ఒక అమ్మాయి ఉండింది. వాళ్ల అమ్మానాన్నలు టమాటా పండిస్తారు, రెండు ఆవుల్ని మేపుతారు. ఆ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క అంగడి వాళ్ల అవ్వది. ఆ అమ్మాయి వెనక బెంచీలో, కిటికీ పక్కన కూర్చునేది. పాఠం నచ్చకపోతే కిటికీలోంచి అంగడి వైపు చూస్తూ, అవ్వకు సైగలు చేస్తూ ఉండేది.

మొదటి రోజు పుస్తకంలో ఉన్న లెక్కే బోర్డు మీద వేశాను. ఎనిమిది అరటిపళ్లు నలభై రూపాయలైతే ఐదు పళ్లు ఎంత?

వెనక బెంచీలోంచి చెయ్యి లేచింది.

"మిస్, ఐదు ఇయ్యరు."

"ఎవరు ఇవ్వరు?"

"మా అవ్వ. డజను, లేకుంటే అర డజను. ఐదు అడిగితే, పో పో, తర్వాత రా అంటాది."

తరగతి నవ్వింది. పుస్తకంలో ఉన్నట్టు చెయ్యమని గట్టిగా చెప్పాను. ఆ అమ్మాయి తన నోటుపుస్తకంలో ఇరవై ఐదు రూపాయలని చక్కగా లెక్క కట్టి, కింద ఇంకో వాక్యం రాసింది. 'కానీ ఇయ్యరు.' మార్కులు వేయాలో, కొట్టేయాలో తెలియక పెన్ను పట్టుకుని కాసేపు కూర్చున్నాను.

ఆ సాయంత్రం బస్సులో అదే ఆలోచన. పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? ఈ లెక్కలన్నీ ఎవరో, ఎక్కడో, ఎవరికీ అమ్మని పళ్లతో చేసినవి. మరుసటి రోజు తరగతిలో చెప్పేశాను. "రేపు మీ ఇళ్లలోంచి ఖాళీ ప్యాకెట్లు, డబ్బాలు తెండి. వాటి మీద ధర, బరువు కనపడాలి. ఏది చవకో మనమే కనుక్కుందాం."

మరునాడు తరగతి గది చెత్తకుప్పలాగా తయారైంది. బిస్కెట్ కవర్లు, కాఫీపొడి ప్యాకెట్లు, నూనె కవర్లు, సబ్బు అట్టలు. ఒకడు యూరియా సంచి కూడా మోసుకొచ్చాడు. నేను హుషారుగా, "పెద్ద ప్యాకెట్ కొంటే ఎప్పుడూ చవకే, చూద్దురు గాని" అని ముందే ప్రకటించి మరీ లెక్క మొదలుపెట్టాను. కాఫీపొడిలో నా మాట నిలిచింది. బిస్కెట్లలోనూ నిలిచింది. తర్వాత ఆ అమ్మాయి లేచి వచ్చి, షాంపూ సీసా ఒకటి, షాంపూ పొట్లం ఒకటి నా టేబుల్ మీద పెట్టింది.

సీసాలో నూట ఎనభై మిల్లీలీటర్లు, నూట నలభై నాలుగు రూపాయలు. పొట్లంలో ఐదు మిల్లీలీటర్లు, ఒక్క రూపాయి. తానే బోర్డు దగ్గరికి వెళ్లి భాగించింది. సీసాలో మిల్లీలీటరు ఎనభై పైసలు. పొట్లంలో ఇరవై పైసలు. నాలుగింతల తేడా. నేను తప్పు ఎక్కడ ఉందోనని రెండుసార్లు వెతికాను. తప్పు లేదు.

"మిస్, మీ ఇంట్లో ఏది?" అని అడిగింది.

"సీసా."

"ఎందుకు మిస్?"

మూత ఉంటుంది గదా అన్నాను. ఆ రోజంతా బళ్లో ఎవరు ఎవరిని ఏం అడిగినా జవాబు ఒక్కటే: మూత ఉంటుంది గదా.

తరగతికి అప్పట్నుంచి పిచ్చి పట్టింది. కనపడిన ప్రతిదాన్నీ భాగించడమే. హెడ్‌మాస్టరు గారు ప్రార్థనలో చేసే ప్రసంగానికి నిమిషానికి ఎన్ని 'ఆదుదరింద'లో లెక్కగట్టారు. కన్నడంలో 'అందువల్ల' అని ఆ మాటకు అర్థం, ఆయనకు ఊతపదం. నేను వచ్చే బస్సుకు కిలోమీటరుకు ఎంత పడుతుందో చెప్పమని నన్నే అడిగారు. మా రాష్ట్రంలో ప్రభుత్వ బస్సులో ఆడవాళ్లకు టికెట్టు సున్నా. సున్నాను ఎన్ని కిలోమీటర్లతో భాగించినా సున్నాయేనని ఆ సందర్భంగా చెప్పగలిగాను. మగపిల్లలు మూతులు ముడుచుకున్నారు.

వారం తిరగకుండా ఆ అమ్మాయి అవ్వ బడికి వచ్చింది. కొంగు నడుముకు చెక్కుకుని, నేరుగా నా తరగతి గుమ్మంలో నిలబడింది.

"ఏమమ్మా మిస్సూ, మా పాపకి ఏం నేర్పించినావు నువ్వు?"

"ఏమైంది అవ్వా?"

"ఏమయ్యేది. సాయంత్రమైతే అంగట్లో నా పక్కన కూచుంటాది. వచ్చినోళ్లకంతా, పెద్ద సబ్బు వద్దత్తా, చిన్నవి మూడు తీసుకో, లాభం అంటాది. నా అంగట్లో కూచోని నా సరుకే వద్దంటాది. ఇట్లయితే నేను అంగడి పెట్టుకునేది ఎందుకు?"

పిల్లలు తలలు దించుకుని నవ్వుతున్నారు. మనవరాలు మాత్రం కిటికీ బయట ఏదో అపురూపమైన పక్షి ఉన్నట్టు చూస్తోంది.

"పాప చెప్పే లెక్క తప్పా?" అని అవ్వ నన్నడిగింది.

"తప్పు కాదవ్వా. రైటే."

"రైటయితే ఇంగ నేనేం అడిగేది." అవ్వ గుమ్మంలోనే కూలబడింది. నీళ్లు ఇప్పించాను. తాగి, చెంబు కింద పెట్టి, గొంతు తగ్గించి అంది. "కొనేవాళ్లకి లాభం వచ్చే లెక్క నేర్పిస్తివి. సరే. అమ్మేవాళ్లకి లాభం వచ్చే లెక్క కూడా ఒకటి నేర్పించు తల్లీ. నీకు పుణ్యముంటాది."

నేను నవ్వి అవ్వను గేటు దాకా సాగనంపాను. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే కాదని అప్పుడు గమనించలేదు.

ఆ తర్వాత నెలలోనే మా బళ్లో పిల్లల సంత వచ్చింది. మా వైపు బళ్లలో ఇది మామూలే. పిల్లలే అంగళ్లు పెట్టి కూరగాయలు, చిరుతిళ్లు అమ్ముతారు. ఊళ్లోవాళ్లు వచ్చి కొంటారు. కొలతలు, చిల్లర లెక్కలు చేతితో నేర్చుకోవాలని ఉద్దేశం. ఈసారి నేనొక కొత్త నియమం పెట్టాను. ప్రతి అంగడి ముందు ఒక అట్ట ఉండాలి. దాని మీద ధరతో పాటు గ్రాముకో, మిల్లీలీటరుకో ఎంత పడుతుందో రాయాలి. పొద్దున నేనే తిరిగి అన్ని అట్టలూ చూసి, భాగహారం సరిగ్గా ఉంటే ఎర్ర పెన్నుతో టిక్ పెట్టాను.

ఆ అమ్మాయి వాళ్ల ఆవుల మజ్జిగతో అంగడి పెట్టింది. అల్లం, కొత్తిమీర వేసిన చిక్కటి మజ్జిగ. రెండు రకాలు. చిన్నది మామూలు కాగితం కప్పు. పెద్దది పొడుగాటి గాజు గ్లాసు. గ్లాసులు అవ్వ అంగట్లోంచి తెచ్చినవి. బల్ల మీద వరసగా నిలబడితే పెళ్లిపందిట్లో పెద్దమనుషుల్లాగా కనపడ్డాయి. చిన్నది ఐదు రూపాయలు, పెద్దది పది.

ఎండ బాగా ఉంది. హెడ్‌మాస్టరు గారు రిబ్బన్ కత్తిరించి, ప్రసంగం చేసి, ఆదుదరింద దాహంగా ఉందని నేరుగా మజ్జిగ దగ్గరికి నడిచారు.

"ఏది ఇచ్చేది సార్, చిన్నదా, పెద్దదా?" అని ఆ అమ్మాయి వినయంగా అడిగింది.

"పెద్దదే ఇయ్యమ్మా. హెడ్‌మాస్టరు చిన్నది తాగితే బాగుండదు."

నేనూ పెద్దదే తాగాను. మా వెనక వచ్చిన ఊరివాళ్లూ పెద్దదే అడిగారు. కాగితం కప్పుల దొంతర కట్ట విప్పకుండా అట్లాగే ఉంది. కాసేపటికి హెడ్‌మాస్టరు గారు రెండో గ్లాసు ఖాళీ చేసి, దాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తూ నాతో అన్నారు.

"ఏందమ్మా ఇది, చూస్తే ఇంత పొడుగుండాది, రెండు గుక్కలకే అయిపోతా ఉండాది."

నేనూ నా గ్లాసు వైపు చూశాను. అడుగున నాలుగు వేళ్ల మందాన ఒట్టి గాజే. అప్పుడు అట్ట చదివాను. పొద్దున కూడా చూశాను గాని, చదివింది అప్పుడే. చిన్నది వంద మిల్లీలీటర్లు, ఐదు రూపాయలు, మిల్లీలీటరుకు ఐదు పైసలు. పెద్దది నూట యాభై మిల్లీలీటర్లు, పది రూపాయలు, మిల్లీలీటరుకు ఆరు పైసల పైచిల్లర. పది రూపాయలకు రెండు చిన్నవి తాగితే రెండు వందలు వస్తుంది. మేమంతా అదే పది రూపాయలిచ్చి నూట యాభై తాగుతున్నాం. ఆ లెక్క కింద నా ఎర్ర టిక్కు ధగధగ మెరుస్తోంది.

ఆ అమ్మాయిని తరగతి గది వెనక్కి పిలిచాను.

"ఏంటిది? ఇది మోసం కాదా?"

"మోసం ఎట్లయితాది మిస్? అంతా రాసే పెట్టినాను గదా. మీరే టిక్ పెట్టినారు."

"పెద్దది కొంటే నష్టమని చెప్పొచ్చు గదా?"

"ఎవరూ అడగలేదు మిస్. అడిగితే చెప్పేదాన్ని. చిన్నది కావాలంటే ఇయ్యనంటినా?" కాస్త ఆగి, నా ముఖం చూసి, మెల్లగా అంది. "పెద్దది కొంటే ఎప్పుడూ చవకే అని మీరే చెప్పినారు గదా. అందరూ అట్లే అనుకుంటారేమో అని చూసినాను."

గోడ పక్కన ఏదో కదిలింది. అవ్వ. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

"గ్లాసులే నావి తల్లీ," అంది, నేను అడక్కుండానే. "తెలివి పాపదే. మజ్జిగలో ఒక్క చుక్క నీళ్లు ఎక్కువ కలపలేదు, చూసుకో కావాలంటే."

నాకు కోపం తెచ్చుకోవాలని ఉంది. కానీ కోపం రావడానికి ముందు నవ్వు వచ్చేసేటట్టు ఉంది. అది ఆపుకుంటూ హెడ్‌మాస్టరు గారి దగ్గరికి వెళ్లి, సంగతంతా చెవిలో చెప్పాను. ఆయన గ్లాసు వైపు, అట్ట వైపు, మళ్లీ గ్లాసు వైపు చూశారు. పిల్లను పిలిచి తిడతారేమో, అంగడి తీసెయ్యమంటారేమో అనుకున్నాను.

"ఎవరికైనా చెప్పినావా?" అన్నారు.

"లేదు సార్."

"ఇప్పుడే చెప్పొద్దు." ఆయన గేటు వైపు చూపించారు. బడి కమిటీ అధ్యక్షుడు తెల్ల చొక్కా వేసుకుని అప్పుడే లోపలికి వస్తున్నాడు. ప్రతి మీటింగులోనూ మా బడి ఖర్చులను పైసా పైసా ప్రశ్నించే మనిషి. "ఆయన కూడా ఒకటి తాగనీ."

ఆయన ఒకటి కాదు, రెండు పెద్దవి తాగాడు. బాగుందని మెచ్చుకుని మూడోదానికి చెయ్యి చాచినప్పుడు హెడ్‌మాస్టరు గారు మైకు అందుకున్నారు. ఏడో తరగతి మజ్జిగ అంగడి ముందున్న అట్టను అందరూ ఒకసారి చదవాలని, ఆదుదరింద ఎవరెంత నష్టపోయారో లెక్కగట్టుకోవాలని కోరారు. ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకరిద్దరు ఫోన్లు తీసి భాగించారు. మైదానం అంచు నుంచి మొదలై నవ్వు మొత్తం సంతకు పాకింది. అధ్యక్షుడు చేతిలోని గ్లాసును తలకిందులు చేసి అడుగు చూసుకుని, చివరికి తానూ నవ్వాడు. ఆ వెంటనే కాగితం కప్పులకు తోపులాట.

ఆ అమ్మాయి గాభరా పడలేదు. పెన్ను తీసుకుని అట్ట మీద పది కొట్టేసి, పెద్ద గ్లాసు ఏడు రూపాయలని రాసింది. కింద మిల్లీలీటరుకు నాలుగు పైసల పైచిల్లర అని కూడా రాసి, నా దగ్గరికి తెచ్చి పట్టుకుంది.

"టిక్ మిస్."

ఈసారి మూడుసార్లు చదివి పెట్టాను. వరస మళ్లీ పెద్ద గ్లాసుల వైపు తిరిగింది. మధ్యాహ్నానికి కుండ ఖాళీ.

సోమవారం తిండి బెల్లు అయ్యాక హెడ్‌మాస్టరు గారు నన్ను ఆఫీసుకు పిలిచి, తలుపు దగ్గరికి వేయమన్నారు. సంత గురించి ఇప్పుడు తిట్లు మొదలవుతాయనుకున్నాను. ఆయన సొరుగులోంచి రెండు టూత్‌పేస్టులు తీసి టేబుల్ మీద పెట్టారు.

"రెండూ ఒకే ధరమ్మా. ఇది రెండు వందల గ్రాములు. ఇది నూట యాభై, కానీ బ్రష్షు ఉచితం. మా ఇంట్లో రెండు రోజుల నుంచి ఇదే గొడవ. ఏది లాభం?"

గ్రాముల్లో చూస్తే మొదటిదే. కానీ బ్రష్షును ఎన్ని గ్రాముల పేస్టుతో సమానం చెయ్యాలి? తరగతిని అడిగి చెబుతానని రెండూ తీసుకెళ్లాను. ఎవరివో చెప్పకూడదనుకున్నాను గాని, ఆయన వాటి మీద పెన్నుతో తన పేరు రాసుకుని ఉన్నారు. పిల్లలు చదివేశారు.

"దీనికి జవాబు కావాలంటే ముందు ఏం తెలియాలి?" అని అడిగాను.

ఎవరో బ్రష్షు ధర అన్నారు. ఇంకెవరో అది ఎన్ని నెలలు వస్తుందో అన్నారు. వెనక బెంచీ చెయ్యి తీరిగ్గా లేచింది.

"సారుకి పళ్లు ఎన్ని ఉండాయో తెలియాల మిస్. లేకుంటే బ్రష్షు దండగ గదా."

తరగతి ఒక్కసారి గొల్లుమంది. నేను బల్ల చరచడానికి చెయ్యి ఎత్తేలోపు గుమ్మంలో నీడ పడింది. వరండాలో తిరుగుతున్న హెడ్‌మాస్టరు గారు అంతా విన్నారు. ఆయన లోపలికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, వెనక బెంచీ వైపు చూసి, చాలా గంభీరంగా చెప్పారు.

"అన్నీ ఉండాయి. అందులో రెండు కట్టుడువి. రాసుకోండి, లెక్క చెయ్యండి."